గౌను అంచులో బెత్తెడు బట్ట

పటాన్‌చెరులోనో సంగారెడ్డిలోనో లేడీస్ టైలర్ దుకాణం మెట్టెక్కి కొత్త బట్ట బల్లమీద పెట్టండి. ‘ఆది తెచ్చినవా అక్కా?’ అన్నదే మొదట వినపడే మాట. ఆది అంటే ఒంటికి కుదిరిన పాత బట్ట. దాన్ని బల్లమీద పరిచి భుజం, చాతీ, నడుము, చంక, పొడవు టేపుతో చూసుకుని, కొత్త బట్టను మడతలు పెట్టి చాక్‌పీసుతో గీతలు గీస్తారు. తెలుగులో ఆది అంటే మొదలు కూడా. కొత్త గౌనుకు పాత గౌనే మొదలన్నమాట.

పొట్టి గౌన్ల సంగతి తేలాలంటే ఈ మాట దగ్గరినుంచే రావాలని నా నమ్మకం. ఆడపిల్లల గౌను ఒకప్పుడు మోకాలి కిందికి ఉండేది. తర్వాత మోకాలి పైకి వచ్చింది. ఇంకోసారి పాదాలదాకా దిగింది, మళ్లీ పైకి పోయింది. ఎందుకని అడిగితే ఇళ్లలో, సభల్లో రెండే జవాబులు వినపడతాయి: సినిమాలు చెడగొట్టాయి, కాలం మారింది. రెండూ సగం జవాబులే. పాత ఆదులనూ పాత కటింగ్ కాగితాలనూ ముందేసుకుని చూస్తే వేరే లెక్కలు బయటపడతాయి. బట్ట పన్నా, అంటే వెడల్పు, ఎంత, గజం ధర ఎంత, పిల్ల ఇంకా ఎన్నాళ్లు ఎదుగుతుంది, బడికి ఎన్నేళ్లు పోతుంది, కుట్టేది ఎవరు? ఆ లెక్కలన్నిటినీ ఒకచోట పెట్టి తూచి చూడటమే ఈ వ్యాసం పని.

కాగితం పుట్టిన చోటు

కొలతల కాగితాన్ని సైజుల వారీగా కత్తిరించి అమ్మడం అమెరికాలో మొదలైంది. 1863లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే చిన్న ఊళ్లో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ, భార్య ఎలెన్ చెప్పిన ఆలోచన పట్టుకుని ఈ వ్యాపారం పెట్టాడు. అంతకుముందు కూడా అక్కడి పత్రికల్లో కటింగ్ బొమ్మలు వచ్చేవి గాని, వాటిని ఇంట్లోవాళ్ల ఒంటికి తగ్గట్టు పెంచుకోవడం, తగ్గించుకోవడం ఎవరి తిప్పలు వాళ్లవే. బటరిక్ కాగితాలు ఆ తిప్పలు తీర్చాయి. మొదట మగవాళ్లకూ మగపిల్లలకూ మాత్రమే తయారుచేసి, 1866 నుంచి ఆడవాళ్ల దుస్తులకూ అమ్మాడు. ఆ పలచని కాగితాలమీద అక్షరం ఉండేది కాదు. చిల్లులు, గాట్లు, అవే గుర్తులు. 1920 ప్రాంతంలో మెకాల్ కంపెనీ అచ్చు గీతలున్న కాగితాలు తెచ్చింది. 1927లో మొదలైన సింప్లిసిటీ కంపెనీ వాటిని చవక చేసింది. జర్మనీలో ఎన్నె బుర్డా 1950లో పత్రిక పెట్టి, 1952 నుంచి దానిలోనే కటింగ్ కాగితం మడిచి ఇచ్చింది.

ఆ పాత కాగితాలను ఇవాళ అక్కడ చరిత్ర పత్రాల్లా చూస్తున్నారు. అమెరికాలోని రోడ్ ఐలండ్ విశ్వవిద్యాలయంలో వేలాది కాగితాలతో ఒక భాండాగారమే ఉంది. దాన్ని పెంచి పోషించిన జాయ్ ఎమరీ 2014లో ఈ పరిశ్రమ చరిత్రను పుస్తకంగా తెచ్చారు. ఏ ఏడు స్కర్టు ఎంత పొడవో అక్కడ ఎవరి జ్ఞాపకాన్నీ అడగనక్కర్లేదు. కాగితాన్ని టేపుతో కొలిస్తే చాలు.

వాళ్ల చరిత్రలో నన్ను పట్టి నిలిపింది ఒక సర్కారు ఉత్తర్వు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా 1942లో అమెరికా ప్రభుత్వం ఎల్-85 అనే నిబంధన పెట్టింది. గౌను అడుగున లోపలికి మడిచే బట్ట రెండు అంగుళాలకు మించకూడదని అందులో రాసింది. దేశానికి బట్ట మిగలాలంటే ముందు ఎక్కడ చెయ్యి పెట్టాలో ఆ అధికారులకు తెలుసు. ఆ మరుసటేడు 1943లో మన దేశంలోనూ నూలుబట్టమీద కంట్రోలు వచ్చింది. యుద్ధం ముగిశాక 1947లో పారిస్‌లో డిజైనరు క్రిస్టియన్ డియోర్ గజాలకొద్దీ బట్ట పోసి పొడుగు స్కర్టులు చూపిస్తే, ఆకలి తీరినవాళ్లలా జనం సంబరపడ్డారు. పొడుగు స్కర్టు అప్పుడు కలిమికి గుర్తు.

మన కాగితం పేరు ఆది

మన పల్లెల్లో ఆ కటింగ్ కాగితాల కవర్ల జాడ లేదు. ఇక్కడ కుట్టుపని మేర కులస్తులది, పట్నాల్లో దర్జీలది. పెళ్లిళ్లకు ఇంటి అరుగుమీదే మిషన్ పెట్టుకుని ఇంటిల్లిపాదికీ కుట్టిపోయిన దర్జీలను పెద్దలు ఇంకా తలుచుకుంటారు. సింగర్ మిషన్లు పంతొమ్మిదో శతాబ్దం చివరి పాదంలోనే మన దేశానికి చేరాయి. యంత్రాల వ్యామోహాన్ని అంతగా ఎదిరించిన గాంధీజీ సైతం 1924లో కుట్టుమిషన్‌ను తన అభ్యంతరం నుంచి మినహాయించారు. 1930లలో కలకత్తాలో ఉషా మిషన్ తయారీ మొదలయ్యాక అది మధ్యతరగతి ఇంటికీ, తర్వాత కూలి ఇంటికీ వచ్చింది.

చదువు రూపంలో కటింగ్ నేర్పే ప్రయత్నాలు రెండు దారుల్లో నడిచాయి. బొంబాయిలోని జారాప్‌కర్ టైలరింగ్ కాలేజీ పద్ధతి పుస్తకంగా దేశమంతా తిరిగింది. మన రాష్ట్రాల్లో ప్రభుత్వ పరీక్షల విభాగం టైలరింగ్, ఎంబ్రాయిడరీల్లో లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు పెట్టింది. ఆ సర్టిఫికెట్ కోసం ఎందరో ఆడపిల్లలు కొలత గీతలు గీయడం నేర్చుకున్నారు. ఈ తెలుగునేలమీద పాత పద్ధతుల రాతపూర్వక సాక్ష్యం ఎక్కడైనా ఉందంటే ఇలా నేర్చుకున్నవాళ్ల రికార్డు పుస్తకాల్లోనే ఉంటుంది.

మిగిలిందంతా చేతిలో ఉండే విద్య. చాతీలో నాలుగో వంతు, దానికి వదులు కోసం కొంత, కుట్టు లోపలికి కొంత కలిపి, బట్టను నాలుగు మడతలు వేసి ఒకే కత్తెర దెబ్బకు ముందు వెనకలు తీసే లెక్క నోటిమీదే నడిచింది. కాగితంమీదికి ఎక్కని విద్య మనిషితోనే పోతుంది. పదేళ్లు బేరం చేసిన దర్జీ కన్ను మూస్తే, ఒక వాడలోని పిల్లలందరి కొలతలూ పోయినట్టే.

ఆదిని తక్కువ చేయలేం. అమెరికా కవర్లమీది సైజు నంబరు అంత నమ్మదగింది కాదు. 1960ల చివర అక్కడి కంపెనీలు సైజులు సవరించినప్పుడు, 32 అంగుళాల చాతీకి ఉండే 12వ నంబరు 34 అంగుళాలకు మారింది. పాత కవరు కొన్నవాళ్లు ఇప్పటికీ ఆ అంకె చూసి మోసపోతారు. ఆదికి ఆ బాధ లేదు. అది ఒక నిజమైన పిల్ల ఒంటినుంచి వచ్చిన కొలత. పోతే దానికో లోపం ఉంది. పాత గౌనులో చంక పట్టేస్తుంటే కొత్త గౌనులోనూ పట్టేస్తుంది. పిల్ల ఎదిగిందని ఆదికి తెలియదు. ఆ సంగతి తెలిసిన తల్లి పక్కనే నిలబడి, ‘రెండు అంగుళాలు ఎక్కువ పెట్టన్నా, ఎదిగే పిల్ల’ అనాలి. మన పద్ధతి ఆదితో పాటు ఆ మాటనూ కలుపుకుంటేనే పూర్తవుతుంది.

గౌను వచ్చిన దారి, పన్నా గీసిన గీత

గౌను అనే మాటే ఇంగ్లీషునుంచి వచ్చింది. మిషన్ బడులు, దొరల ఇళ్లు, కంటోన్మెంట్లు దాని తొలి దారులు. మెదక్ ప్రాంతంలో వెస్లియన్ మిషన్ పంతొమ్మిదో శతాబ్దం చివర పని మొదలుపెట్టింది. ఆడపిల్లలకు అక్షరంతోపాటు సూదిపనీ నేర్పడం అలాంటి బడుల పద్ధతి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక ఊరూరా ఆడవాళ్ల పనిగా పాకి, దూరదేశాల గౌన్ల కాలర్లకు అంచులైంది. అల్లినవాళ్లకు దక్కిన కూలి ఎంత తక్కువో సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ఒక పుస్తకమే రాసి చూపించారు. గౌను చరిత్రలో ఈ చేతులను మరిచిపోకూడదు.

అప్పటిదాకా మన ఆడపిల్లకు ఉన్నది పరికిణీ, జాకెట్టు. పరికిణీ నేత పన్నామీద, అంచుమీద ఆధారపడ్డ బట్ట. కత్తెర పెద్దగా పడదు. గౌను పూర్తిగా కత్తెర బిడ్డ. అందుకే గౌను పొడవును ముందుగా నిర్ణయించేది బట్ట వెడల్పు, అంటే పన్నా. ఈ మాట ఊరికే అనడం లేదు, లెక్క వేసి చూపిస్తాను.

ఆరేడేళ్ల పిల్ల నడుము 22 అంగుళాలనుకుందాం. అంబ్రెల్లా గౌను కావాలి. అంటే పరిస్తే గుండ్రంగా పళ్లెంలా ఉండే అడుగు భాగం. 22ను 6.28తో భాగిస్తే మూడున్నర. మడతల మూలనుంచి మూడున్నర అంగుళాల దగ్గర నడుము వంపు గీస్తారు. పాత పాప్లిన్, వాయిల్ బట్టలు 36 పన్నాలో వచ్చేవి. సగం పన్నా 18. అందులో నడుముకు మూడున్నర, అంచు కుట్టుకు అర తీసేస్తే మిగిలేది 14 అంగుళాలు. ఆ పిల్లకు అది మోకాలి పైనే ఆగుతుంది. అదే పిల్లకు అదే కటింగ్ 44 పన్నా బట్టలో చేస్తే 18 అంగుళాలు వస్తుంది. మోకాలు దాటి కిందికి దిగుతుంది. అతుకు వేయకుండా గుండ్రటి గౌను కుట్టాలంటే 36 పన్నా కాలంలో అది పొట్టిగానే ఉండి తీరాలి. ఆ నాలుగు అంగుళాల తేడాలో తల్లి పెంపకానికీ పిల్ల వగలకూ ఏ సంబంధమూ లేదు. మగ్గం వెడల్పుదే ఆ తేడా అంతా.

కుచ్చుల గౌను సంగతి వేరు. 36 పన్నాలో రెండు ముక్కలు కలిపితే 72 అంగుళాల చుట్టు వస్తుంది. దాన్ని దారంతో లాగి 22కు కుదిస్తే కుచ్చు. పొడవు ఎంత కావాలంటే అంత పెట్టుకోవచ్చు. అందుకే జాగ్రత్తపరులైన ఇళ్లలో కుచ్చుల గౌనే నడిచింది. అందులోనే బెత్తెడు దాగేది.

బెత్తెడు

నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, మూడు అంగుళాలకు కాస్త అటూ ఇటూ. పాత గౌను తిప్పి చూస్తే అడుగున అంతమేర లోపలికి మడిచి చేతికుట్టు వేసి ఉంటుంది. కొందరు పైభాగంలోనే అడ్డంగా రెండు మూడు సన్నని మడతలు కుట్టించేవాళ్లు. చూసేవాళ్లకు అది డిజైను, ఇంట్లోవాళ్లకు అది దాచుకున్న సొమ్ము. ఏడాది తిరిగి పిల్ల ఎదిగితే ఒక మడత విప్పుతారు. పక్క కుట్లలోనూ అలాగే అర అంగుళం, ముప్పావు అంగుళం వదిలేవాళ్లు. ఒక గౌను అక్క ఒంటిమీద రెండేళ్లు, చెల్లెలి ఒంటిమీద రెండేళ్లు నడిచి, చివరికి బొంతలోకి చేరేది.

విప్పిన మడతకు ఒక ఇబ్బంది ఉంది. ఎండకూ ఉతుకుకూ వెలిసిన బట్ట నడుమ, మడత లోపల దాగిన బట్ట కొత్త రంగుతో పట్టీలా కనపడుతుంది. దాన్ని కప్పడానికి జిగ్‌జాగ్ లేసు, రిబ్బను, వేరే రంగు పైపింగు వేసేవాళ్లు. పాత గౌన్లలో అంచుకు కాస్త పైన కనిపించే లేసు వరసల్లో చాలావాటి కారణం ఇదే. అవసరం పుట్టించిన అందం అది. 1960, 70లలో టెర్లిన్, టెరికాటన్ వచ్చాక రంగు అంతగా వెలవలేదు, మడత విప్పినా ఎవరికీ తెలిసేది కాదు. ఆ బట్టకు ఇస్త్రీ మడత నిలిచింది, స్కర్టులకు ప్లీట్లు వచ్చాయి.

అంబ్రెల్లా గౌనులో బెత్తెడు మడవడం కుదరదు. గుండ్రటి అంచును లోతుగా మడిస్తే ముడతలు పడుతుంది. అందుకే అర అంగుళంతో సరిపెట్టాలి. పిల్ల ఎదిగితే విప్పడానికేమీ ఉండదు. నిరుడు మోకాలి దగ్గరున్న గౌను ఈ ఏడు తొడమీదికి వస్తుంది. పొట్టి గౌనని మనం చూసిన వాటిలో ఎన్నో నిజానికి పొట్టిగా కుట్టినవి కావు. లోపల బట్ట లేక పొట్టిగా మిగిలిపోయినవి.

సినిమా పాలెంత?

సినిమా పాలు లేదనలేం. 1966లో వచ్చిన ‘లేత మనసులు’లో బాలనటి కుట్టి పద్మిని కవల పిల్లలుగా తెరమీద కనిపించి ఇంటింటి పిల్లకు నమూనా అయింది. అదే ఏడు మొదలైన ‘విజయచిత్ర’ లాంటి పత్రికల్లో బొమ్మలు దర్జీ బల్లమీదికి వచ్చాయి. 1973లో ‘బాబీ’లో డింపుల్ కపాడియా వేసుకున్న చుక్కల జాకెట్టు, పొట్టి స్కర్టు దేశమంతా బాబీ పేరుతోనే అమ్ముడయ్యాయి. లండన్‌లో మేరీ క్వాంట్, పారిస్‌లో ఆంద్రె కురేజ్ అనే డిజైనర్లు 1960ల నడుమ మోకాలి పైకి తీసుకుపోయిన స్కర్టు, సినిమాల మీదుగా మన ఊళ్లకు దిగిన దారి అది.

అయితే సినిమా ఇచ్చింది బొమ్మ మాత్రమే. ఆ బొమ్మను బట్టలోకి దించేటప్పుడు మన టైలరు తన లెక్కలే వాడాడు. తెరమీది మినీ స్కర్టు మన వాడల్లో ‘మిడ్డీ’ అయింది. ఇంగ్లీషులో మిడి అంటే మోకాలి కిందికి దిగేది. మనకు మిడ్డీ అంటే పైన టాపు, కింద స్కర్టు, పొడవు ఎంతైనా సరే. బుట్ట చేతులు వచ్చినా, బెల్టు వచ్చినా, కాలర్ వచ్చినా అడుగున బెత్తెడు మాత్రం అలాగే ఉండేది. అంటే సినిమా పైరూపాన్ని మార్చింది, లోపలి పొదుపును మార్చలేకపోయింది.

పశ్చిమ దేశాల్లో కూడా పొట్టి స్కర్టు కేవలం తెగువ కాదు. బ్రిటన్‌లో అప్పట్లో పిల్లల బట్టలకు కొనుగోలు పన్ను లేదు. స్కర్టు పిల్లలదో పెద్దలదో పొడవును బట్టి తేల్చేవాళ్లు. దాంతో చాలా మినీలు పన్ను తప్పించుకుని చవకగా దొరికాయి. ఆర్థిక వ్యవస్థ బాగుంటే స్కర్టు పైకి పోతుంది, పాడైతే కిందికి దిగుతుంది అనే సిద్ధాంతం ఒకటి ఆర్థికవేత్త జార్జ్ టేలర్ పేరుమీద ప్రచారంలో ఉంది. రాటర్‌డామ్‌లోని ఎరాస్మస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇద్దరు 2010లో, 1921 నుంచి 2009 దాకా లెక్కలు పోల్చి, సంబంధం ఉందనీ, అయితే స్కర్టు పొడవు సుమారు మూడేళ్లు వెనకబడి నడుస్తుందనీ తేల్చారు. మన ఇళ్లకు ఈ సిద్ధాంతం ఇంకో రకంగా వర్తిస్తుంది. చేతిలో డబ్బు లేనప్పుడు కొన్న గౌను పొడుగ్గా ఉంటుంది, ఎందుకంటే అది మూడేళ్లు నడవాలి. అదే గౌను మూడో ఏట పొట్టిగా ఉంటుంది. ఒకే పేదరికం ముందు పొడుగ్గా, తర్వాత పొట్టిగా కనపడుతుంది.

గౌను ఎన్నేళ్ల వరకు?

పొడవు గురించి ఇంత గొడవ పడ్డ మనం, అంతకన్నా పెద్ద ప్రశ్నను పక్కన పెట్టేశాం. గౌను ఎన్నేళ్ల వరకు వేసుకోవచ్చు? మన ఇళ్లలో దానికి జవాబు కచ్చితంగా ఉండేది. పిల్ల పెద్దమనిషి అయ్యేదాకా. ఆ రోజుతో గౌను పెట్టెలోకి పోయి లంగా, ఓణీ బయటికి వచ్చేవి. బంధువులను పిలిచి చేసే ఓణీల ఫంక్షన్ నిజానికి గౌనుకు వీడ్కోలు. చాలామంది పిల్లలకు అదే బడికీ వీడ్కోలు, కొందరికి పెళ్లికి ముహూర్తం.

అందుకే గౌను చరిత్రను చట్టాల చరిత్రతో కలిపి చదవాలి. 1929 శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14 చేసింది, 1978 సవరణ 18 చేసింది. పెళ్లి వెనక్కి జరిగినకొద్దీ, పదో తరగతి దాకా చదివే పిల్లలు పెరిగినకొద్దీ, బాల్యానికీ పెళ్లికీ నడుమ కొన్నేళ్లు ఖాళీ దొరికింది. ఆ ఏళ్లలో ఏం వేసుకోవాలి? గౌను చిన్నపిల్లలది, చీర పెళ్లయినవాళ్లది. ఆ ఖాళీని మొదట మిడ్డీ, స్కర్టు పూరించాయి, తర్వాత పంజాబీ డ్రెస్సు. ఒక పదిహేనేళ్ల పిల్ల స్కర్టు వేసుకుని బడికి పోతుంటే ఊరు పొడవు చూసి గొణిగింది. ఆ పిల్ల పదిహేనో ఏట బడికి పోతోందన్న సంగతి ఎవరూ గమనించలేదు. ఆ స్కర్టు మీద పడ్డ నింద అన్యాయమైందని నేను గట్టిగా చెబుతాను. పొడవు మీద తీర్పు చెప్పినవాళ్లు పిల్ల కాళ్లు చూశారు, చేతిలో పుస్తకం చూడలేదు.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

ఈ లెక్కలన్నీ ఒకేచోట కనపడే ప్రాంతం సంగారెడ్డి, పటాన్‌చెరు పట్టీ. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఫ్యాక్టరీ వచ్చింది. 1972లో పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వచ్చింది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలు పెరిగాయి. దేశం నలుమూలల ఉద్యోగులు వచ్చి ఉన్న టౌన్‌షిప్ ఒకవైపు, జొన్న చేలనుంచి నేరుగా షిఫ్టు డ్యూటీకి వచ్చిన ఊళ్లు ఇంకోవైపు. నెల జీతం చేతికొచ్చే ఇంట్లో పండగకు ఒకటి కాకుండా ఏడాదికి నాలుగు గౌన్లు కుట్టించడం మొదలైంది. నాలుగు గౌన్లున్న పిల్లకు బెత్తెడు అవసరం తగ్గింది.

ఫ్యాక్టరీ ఇంకో సంగతి నేర్పింది: వేలాడే బట్ట ప్రమాదం. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షను, నడుస్తున్న యంత్రం దగ్గర పనిచేసే శిక్షణ పొందిన మగ కార్మికుడు ఒంటికి పట్టిన దుస్తులు వేసుకోవాలనీ, వాటిని యాజమాన్యమే ఇవ్వాలనీ చెప్పింది. నడిచే యంత్రాన్ని శుభ్రంచేసే పని ఆడవాళ్లకు ఇవ్వకూడదంది. అంటే యంత్రానికి తగిన దుస్తును చట్టం మగవాడికే కొలిచింది. ఆడవాళ్లు ప్యాకింగ్ సెక్షన్లలోకీ ల్యాబుల్లోకీ వచ్చినప్పుడు చీర కొంగూ ఓణీ అడ్డమయ్యాయి. పంజాబీ డ్రెస్సు, దానిమీద కోటు, చున్నీ ముడి వేసి లోపలికి. ఈ పట్టీలో పంజాబీ డ్రెస్సు పెళ్లయిన ఆడవాళ్ల ఒంటిమీదికి రావడానికి సినిమా కన్నా షిఫ్టు బస్సే పెద్ద కారణమని నా అభిప్రాయం.

మందుల కంపెనీల్లో గౌను మాటకు ఇంకో జన్మ వచ్చింది. స్టెరైల్ ఏరియాలోకి పోయేముందు తలనుంచి కాలిదాకా దుస్తులు మార్చుకునే పనిని అక్కడ ‘గౌనింగ్’ అంటారు. పొద్దున బిడ్డకు గౌను తొడిగి బడికి పంపిన తల్లి, గంట తర్వాత తాను గౌనింగ్ గదిలో నిలబడుతుంది. ఆ దుస్తులో డిజైను లేదు, జేబు లేదు, ఆది లేదు. స్మాల్, మీడియం, లార్జ్ మాత్రమే.

నంబరు వచ్చింది, మార్జిన్ పోయింది

రెడీమేడ్ బట్ట ఈ కథలో పెద్ద మలుపు. 1991 తర్వాత మార్కెట్ తెరుచుకుంది. 2005 జనవరి 1న ప్రపంచ వస్త్ర వ్యాపారంలో పాత కోటాల పద్ధతి ముగిసింది. పెద్దయెత్తున కుట్టే ఫ్యాక్టరీల గౌన్లు రోడ్డు పక్క బండ్లదాకా వచ్చాయి. అవి చవక, రంగులు ఎక్కువ, పండగ ముందురోజు కొన్నా దొరుకుతాయి. కుట్టుకూలి బట్ట ధరను దాటిపోయిన రోజుల్లో తల్లిదండ్రులను తప్పుపట్టలేం. కాని తిప్పి చూడండి. పక్క కుట్టు ఓవర్‌లాక్ చేసి పావు అంగుళం దగ్గర కోసేసి ఉంటుంది. అడుగున అర అంగుళం మడత. విప్పడానికి లోపల ఏమీ లేదు. లక్ష గౌన్లు కుట్టే చోట ఒక్కో అంచులో మిగిల్చిన రెండు అంగుళాలు వేల మీటర్ల లాభం.

పెద్దపిల్లల దుస్తుల్లో పొడవు అలలా ఆడింది. 2005లో ‘బంటీ ఔర్ బబ్లీ’ తర్వాత కాలరున్న పొట్టి కుర్తీలు వచ్చాయి. కొన్నేళ్లకు అనార్కలీలు, పాదాలు తాకే లాంగ్ ఫ్రాకులు. పొట్టి గౌనును వద్దన్న ఇళ్లే లాంగ్ ఫ్రాకును పండగ బట్టగా ఒప్పుకున్నాయి. ఈ తరంలో కత్తెర తిరిగి ఇంటికి వచ్చింది కూడా. ఫోనులో వీడియోలు చూసి పేపర్ కటింగ్ నేర్చుకుంటున్న ఆడవాళ్లు వాడవాడలా ఉన్నారు. నూటయాభై ఏళ్లకు పైగా కిందట స్టెర్లింగ్‌లో మొదలైన కాగితం, ఇన్నాళ్లకు న్యూస్‌పేపరు రూపంలో మన బల్లమీదికి వచ్చింది.

సైజుల సమస్య మాత్రం అలాగే ఉంది. మన రెడీమేడ్ నంబర్లు చాలాకాలం విదేశీ కొలతల నీడలోనే నడిచాయి. జాతీయ ఫ్యాషన్ సాంకేతిక సంస్థ (నిఫ్ట్) చేపట్టిన ఇండియాసైజ్ సర్వే 25,000 మంది భారతీయుల కొలతలు తీయాలని పెట్టుకుంది. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాదు ఒకటి. అది 15 ఏళ్లు దాటినవాళ్ల కొలత. ఎదిగే పిల్లల కొలతకూ అంత శ్రద్ధ కావాలి.

తిరిగి పెట్టాల్సిన మడత

ఇంతదూరం తూచి చూశాక నాకు తేలింది ఇది. గౌను పొడవు నీతికి కొలబద్ద కాదు. అది బట్ట వెడల్పుకూ ధరకూ, చదువుకూ కూలికీ కొలబద్ద. ఆ కొలతలు దొరికేది పాత ఆదుల్లో, టైలర్ల లెక్కల పుస్తకాల్లో, పరీక్షల రికార్డుల్లో. మన భాండాగారాల్లోకి పట్టుచీరలు, జరీ షేర్వానీలు చేరినంత సులువుగా ఒక కార్మికుడి బిడ్డ పాప్లిన్ గౌను చేరదు. చేరాలి. దుకాణం మూసేస్తున్న ఏ పాత టైలరు దగ్గరైనా కటింగ్ కాగితాలుంటే, వాటిని చిత్తుకింద అమ్మకముందు ఎవరైనా అడిగి తీసుకోవాలి. మాదాపూర్‌లో 1995 నుంచి నిఫ్ట్ ఉంది, కందిలో ఐఐటీ ఉంది, ప్రతి జిల్లాలో డిగ్రీ కాలేజీలున్నాయి. విద్యార్థులు తమ అమ్మమ్మల గౌన్లను కొలిచి రాసినా ఒక చరిత్ర నిలుస్తుంది.

రెండోది ఇప్పటికిప్పుడు చేయగలిగింది. తెలంగాణ సర్కారు బడుల యూనిఫాం కుట్టే పని మహిళా సంఘాల చేతికి వచ్చింది. కుట్టుకూలిని 50 నుంచి 75 రూపాయలకు పెంచుతున్నట్టు 2024లో ప్రభుత్వం ప్రకటించింది. సిరిసిల్ల మరమగ్గాల బట్ట, మన ఊరి ఆడవాళ్ల కుట్టు, మన పిల్లల ఒళ్లు. కత్తెర మన చేతిలోనే ఉంది. చిన్న తరగతుల ఫ్రాకు అంచులో బెత్తెడు బట్ట లోపలికి మడవమని ఒక్క వాక్యం యూనిఫాం ఉత్తర్వులో రాస్తే చాలు. 72 అంగుళాల చుట్టుకు మూడు అంగుళాల మడత అంటే 216 చదరపు అంగుళాలు. 36 పన్నా బట్టలో మీటరులో ఆరో వంతు కన్నా తక్కువ. మడత వేసే చేతికి అదనపు కూలి కూడా ఇవ్వాలి.

అప్పుడు జూన్‌లో బడి తెరిచే ముందు రోజు ఒక తల్లి సూది పట్టుకుని పాత కుట్టు విప్పుతుంది. లోపలినుంచి ముదురు రంగు పట్టీ ఒకటి బయటికి వస్తుంది. ఏడాదిలో బిడ్డ ఎంత ఎదిగిందో ఆ పట్టీ చెబుతుంది. దానిమీద లేసు వేయాలా వద్దా అని ఆ పిల్లనే అడగాలి.